ఎండగట్టిన పీట్ నేలల్లో నీటి, అటవీ యాజమాన్యం – మన చెరువు నేలలకు అన్వయం

పూర్వపు మెదక్ జిల్లాలోని పటాన్‌చెరులో, ఇక్రిశాట్ క్షేత్రంలో 1976లో మొదలైన నల్లరేగడి పరీవాహక ప్రయోగం వ్యవసాయ విద్యార్థులకు పరిచయమైనదే. వర్షాకాలమంతా భూమిని ఖాళీగా ఉంచి యాసంగిలో మాత్రమే పంట వేసే పాత పద్ధతిని ఒకవైపు, వెడల్పాటి ఎత్తు మళ్ళు, వాటి మధ్య కాలువలు, పప్పుజాతి పంటలతో కూడిన పంటల సరళి, తగిన ఎరువులు గల మెరుగైన పద్ధతిని మరొకవైపు ఉంచి శాస్త్రవేత్తలు దీర్ఘకాలం పోల్చి చూశారు. 24 సంవత్సరాల తరువాత 120 సెంటీమీటర్ల లోతు వరకు లెక్కిస్తే, మెరుగైన పద్ధతిలో హెక్టారుకు 46.8 టన్నుల సేంద్రియ కర్బనం, పాత పద్ధతిలో 39.5 టన్నులు ఉన్నట్లు తేలింది. తేడా 7.3 టన్నులు. మెట్ట వ్యవసాయంలో ఇది గొప్ప ఫలితం. ఏటా సుమారు 300 కిలోల కర్బనాన్ని నేలలో కూడబెట్టడం ఎంత కష్టమో పొలంలో పనిచేసిన వారికి తెలుసు.

దీని పక్కన మరొక అంకెను ఉంచి చూద్దాం. వాతావరణ మార్పులపై అంతర్ ప్రభుత్వ సంఘం 2013లో చిత్తడి నేలల కోసం రూపొందించిన అనుబంధ మార్గదర్శకాల ప్రకారం, ఉష్ణమండల పీట్ నేలలో కాలువలు తవ్వి నీరు తీసివేసి ఆయిల్ పామ్ సాగు చేస్తే ఏటా హెక్టారుకు సుమారు 11 టన్నుల కర్బనం గాలిలో కలుస్తుంది. అకేషియా తోటల కింద అది 20 టన్నులు. అంటే పటాన్‌చెరులో 24 సంవత్సరాలు కూడబెట్టినంత కర్బనం అక్కడి ఆయిల్ పామ్ తోటలో ఎనిమిది నెలల్లో ఖర్చయిపోతుంది.

ఆ నష్టానికి కారణం పంట కాదు. అదే ఆయిల్ పామ్ ఏలూరు, ఖమ్మం ప్రాంతాలలో ఖనిజ నేలల మీద, నీరు పెట్టి పెంచే తోటగా ఉంది. సుమత్రా పీట్ నేలలో అది నీరు తీసివేసి పెంచే తోట. రెంటికీ మధ్య ఉన్న భేదమంతా వేరు కింద నీటిమట్టం ఎక్కడ నిలిచిందన్న దానిలోనే ఉంది. ఎండగట్టిన పీట్ నేలల్లో నీటిని, చెట్లను ఎలా నిర్వహించాలన్నది ఈ ఒక్క భేదం నుండి వివరించి, అందులో మన చిత్తడి నేలలకు, ముఖ్యంగా చెరువు శిఖం భూములకు, ఏది వర్తిస్తుందో, ఏది వర్తించదో చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశ్యం.

పీట్ నేల – నీరు కాపాడిన నేల

మొక్క చనిపోయిన తరువాత దాని ఆకు, వేరు, కాండం కుళ్ళి కర్బనం తిరిగి గాలిలోకి పోవడం సహజం. ఆ పని చేసే సూక్ష్మజీవులకు ప్రాణవాయువు కావాలి. నీటిలో ప్రాణవాయువు వ్యాపించే వేగం గాలిలో కంటే సుమారు పదివేల రెట్లు తక్కువ. కనుక ఏడాది పొడుగునా నీరు నిలిచిన చోట కుళ్ళడం మందగిస్తుంది. ప్రతి సంవత్సరం రాలినదానిలో కొద్ది భాగం మిగిలిపోతుంది. ఆ కొద్ది భాగమే పొరలు పొరలుగా పేరుకుని పీట్ అవుతుంది. ఈ పేరుకోవడం సాధారణంగా ఏడాదికి ఒక మిల్లీమీటరు మేరకు జరుగుతుంది. మీటరు లోతు పీట్ అంటే వెయ్యేళ్ళ పని అనుకోవచ్చు. నీలగిరి కొండల లోయలలోని పీట్ పొరలు దాదాపు 20,000 సంవత్సరాల వాతావరణ చరిత్రను దాచుకున్నాయని 1993లో రామన్ సుకుమార్, ఆయన సహచరులు కర్బన ఐసోటోపుల ఆధారంగా చూపారు. మనకు దగ్గరలోని నిజమైన పీట్ అదే.

ప్రపంచ భూభాగంలో పీట్ నేలల వాటా 3 శాతమే. అయినా నేలలలోని మొత్తం కర్బనంలో దాదాపు మూడింట ఒక వంతు వీటిలో ఉంది.

ఈ నేలను ఖనిజ నేలతో పోల్చినప్పుడు విద్యార్థి మొదట గమనించవలసినది స్థూల సాంద్రత. మన ఎర్రనేలలో ఘన సెంటీమీటరుకు 1.4 నుండి 1.6 గ్రాములు ఉంటే, ఉష్ణమండల పీట్‌లో అది 0.1 గ్రాము అటూ ఇటూ ఉంటుంది. ఘనపరిమాణంలో 90 శాతం వరకు నీరే. సూటిగా చెప్పాలంటే అది నీటిలో తేలుతూ నిలబడిన నేల. నీరు తీసివేస్తే తడి తగ్గడంతో పాటు, నేలను నిలబెట్టిన ఆధారం కూడా పోతుంది.

మెదక్ పరిసరాలలో పీట్ ఎందుకు ఏర్పడలేదో కూడా ఇక్కడే అర్థమవుతుంది. గ్రానైటు నుండి పుట్టిన ఎర్రనేలలు, నాలుగు నెలల వాన, ఆ తరువాత దీర్ఘమైన ఎండాకాలం. చెరువు నిండినప్పుడు అడుగున నాచు, తుంగ, ఆకు చెత్త కుళ్ళకుండా కొంత పేరుకుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో చెరువు ఎండగానే ఆ పొరకు గాలి తగులుతుంది. మన చెరువు ప్రతి ఏటా పీట్‌ను తయారు చేయడం మొదలుపెట్టి, ప్రతి వేసవిలో దాన్ని చెరిపివేస్తుంది. ఎండగట్టిన పీట్ నేలలో వేల సంవత్సరాల నిల్వ మీద జరిగే రసాయనం, మన చెరువు అడుగున ఒక్క ఏడాది నిల్వ మీద జరుగుతుంది. పరిమాణం వేరు, సూత్రం ఒకటే.

నీరు తీసిన తరువాత

కాలువ తవ్విన మొదటి నెలల నుండే నేల కుంగడం మొదలవుతుంది. నీటి ఆధారం పోవడంతో కింది పొర తన బరువుకే అణుగుతుంది. పై పొర ఎండి ముడుచుకుంటుంది. ఈ రెండూ కొన్నేళ్ళలో నెమ్మదిస్తాయి. మూడవది ఆక్సీకరణం. నీటిమట్టానికి పైన ఉన్న పీట్ అంతా సూక్ష్మజీవులకు ఆహారమై పోతుంది. ఇది నీటిమట్టం పైన పీట్ ఉన్నంతకాలం ఆగదు. ఆగ్నేయాసియాలోని తోటలలో కొలిచినప్పుడు, నీరు తీసిన మొదటి ఐదేళ్ళలో నేల 1.4 మీటర్లకు పైగా కుంగినట్లు, తరువాత ఏటా సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున కుంగుతున్నట్లు తేలింది. ఇంగ్లండులోని హోమ్ ఫెన్‌లో 19వ శతాబ్దం మధ్యలో, కొలను ఎండగట్టే రోజుల్లో, నేల మట్టానికి దిగేసిన ఇనుప స్తంభం ఈనాడు దాదాపు 4 మీటర్లు పైకి నిలబడి ఉంది. స్తంభం పెరగలేదు, దాని చుట్టూ నేల దిగిపోయింది.

ఇక్కడే రైతు, ఇంజనీరు ఇద్దరూ చిక్కుకునే వలయం ఉంది. కాలువ తవ్వి నీటిమట్టాన్ని 60 సెంటీమీటర్ల లోతుకు దించారనుకుందాం. కొన్నేళ్ళకు నేల 30 సెంటీమీటర్లు కుంగితే నీరు మళ్ళీ 30 సెంటీమీటర్ల దూరంలోకి వస్తుంది. పంట వేరు మునుగుతుంది. రైతు కాలువను లోతు చేయమంటాడు. చేసిన మరుక్షణం నుండి కొత్త పొర ఆక్సీకరణకు తెరుచుకుంటుంది. చివరకు నేల పక్కనున్న నది మట్టానికో సముద్ర మట్టానికో దిగినప్పుడు నీరు తనంతట తాను పోదు. పంపులు కావాలి. ఆగ్నేయాసియా కొలతల ఆధారంగా వేసిన ఒక అంచనా ప్రకారం నీటిమట్టం ప్రతి 10 సెంటీమీటర్లు అదనంగా దిగినప్పుడు హెక్టారుకు ఏటా దాదాపు 9 టన్నుల కార్బన్ డయాక్సైడ్ అదనంగా విడుదలవుతుంది. ఖనిజ నేలలో మురుగు కాలువ ఒక్కసారి పెట్టే పెట్టుబడి. పీట్‌లో అది అసలు తీరని అప్పు.

ఇండోనేషియా మధ్య కాలిమంతాన్‌లో 1996లో చేపట్టిన భారీ వరి పథకం ఈ అప్పుకు ప్రసిద్ధ ఉదాహరణ. సుమారు 10 లక్షల హెక్టార్ల పీట్ అడవిని వరి పొలాలుగా మార్చాలని 4,000 కిలోమీటర్లకు పైగా కాలువలు తవ్వారు. పీట్ నేల రెండు నదుల మధ్య గుమ్మటంలా ఉబ్బి ఉంటుంది. నడిమి భాగం అంచుల కంటే మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఆ ఎత్తున నీటిని నిలబెట్టేది పీట్ ఒక్కటే. కాలువలు ఆ గుమ్మటాన్ని కోసుకుంటూ పోవడంతో నీరు నదుల్లోకి జారిపోయింది. వరి పండలేదు. 1997 కరవులో ఎండిన పీట్ అంటుకుంది. భూమి లోపల రగిలే ఆ మంటను ఆర్పడం మనుషుల వల్ల కాలేదు. 1999లో పథకం మూతపడింది. వరి శాస్త్రం తెలియక వచ్చిన వైఫల్యం ఇది కాదు. నీటిని తేవడం, పంచడం తెలిసిన నీటిపారుదల జ్ఞానాన్ని, నీటిని నిలిపి ఉంచవలసిన చోట యథాతథంగా ప్రయోగించడం వల్ల వచ్చిన వైఫల్యం. మన పాఠ్యక్రమంలో నీటిపారుదలకు ఇచ్చినంత చోటు మురుగు పారుదలకు, మురుగు పారుదలకు ఇచ్చినంత చోటు నీటి నిలుపుదలకు ఇవ్వడం లేదన్నది నా అభిప్రాయం.

నీటిని తిరిగి నిలపడం

2015లో ఇండోనేషియాలో మళ్ళీ పెద్ద ఎత్తున మంటలు చెలరేగి 26 లక్షల హెక్టార్లు కాలిపోయాయి. మరుసటి ఏడాది పీట్ నేలల పునరుద్ధరణకు ప్రత్యేక సంస్థ ఏర్పడింది. అంతకు ముందే, 2014లో, సాగులో ఉన్న పీట్ నేలల్లో నీటిమట్టం 40 సెంటీమీటర్ల కంటే లోతుకు దిగరాదని నిబంధన వచ్చింది. పీట్ పూర్తిగా నిలవాలంటే 40 కూడా లోతే. అయితే 70, 80 సెంటీమీటర్లకు అలవాటుపడిన తోటలకు ఇది పెద్ద మార్పు.

నీటిని నిలిపే పని ప్రధానంగా కాలువలకు అడ్డుకట్టలు వేయడం. వాగుల మీద వరుసగా చెక్‌డ్యాములు చూసిన తెలంగాణ పాఠకులకు ఇది వెంటనే అర్థమైనట్లు అనిపిస్తుంది. కాని జాగ్రత్త అవసరం. మన చెక్‌డ్యాము వాన నీటిని ఆపి భూమిలోకి ఇంకించడానికి. రెండు కట్టల మధ్య నీటి ఎత్తులో మీటరు, రెండు మీటర్ల తేడా ఉన్నా ఫర్వాలేదు. పీట్ కాలువలో అంత తేడా ఉంటే నీరు కట్ట పక్కనున్న మెత్తటి నేల గుండా దారి చేసుకుని పోతుంది. కట్ట నిలుస్తుంది, కాలువ నిలవదు. కనుక ఎత్తు తేడా 20 నుండి 50 సెంటీమీటర్లకు మించకుండా, చిన్న కట్టలను దగ్గర దగ్గరగా మెట్లలా వేసుకుంటూ రావాలి. ప్రతి కట్టకు మధ్యలోనే మత్తడి ఉండాలి. మత్తడి లేని చెరువుకు కట్ట తెగడం ఎంత ఖాయమో ఇక్కడా అంతే.

నీటిమట్టానికి ఏడాది సగటు అంకె చాలదు. వానాకాలంలో నేల పైకి వచ్చి, ఎండాకాలంలో 90 సెంటీమీటర్లకు దిగిన పొలానికి కూడా సగటు 40 రావచ్చు. నేలను కాల్చేది, కుంగదీసేది ఆ ఎండాకాలపు కొసే. అందుచేత నిర్వహణకు ప్రమాణంగా తీసుకోవలసినది ఏడాదిలో నీరు దిగిన అతి ఎక్కువ లోతు, అది ఎన్ని రోజులు అలా ఉందన్న లెక్క.

వరి శాస్త్రవేత్తలు ఇక్కడ ఒక సందేహం లేవనెత్తుతారు, అది సమంజసమే. నీరు నిలిపితే మీథేన్ వస్తుంది కదా? మనం వరిలో తడి–పొడి విధానాన్ని సిఫారసు చేస్తున్నది మీథేన్ తగ్గించడానికి కూడా కదా? నిజమే. తడి–పొడి విధానంలో పొలంలో రంధ్రాల గొట్టం పాతి, నీరు నేల మట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగాక తిరిగి తడి ఇస్తాం. మధ్యలో గాలి తగలడం వల్ల మీథేన్ తగ్గుతుంది, నీరు ఆదా అవుతుంది. మన ఖనిజ నేలలో సేంద్రియ కర్బనం అర శాతం, ముప్పావు శాతం ఉంటుంది గనుక గాలి తగిలినా కాలిపోయేది స్వల్పం. పీట్‌లో ఆ లెక్క తలకిందులవుతుంది. అక్కడ గాలి తగలడమంటే నిల్వ మొత్తానికి గాలి తగలడం. తిరిగి తడిపినప్పుడు, ముఖ్యంగా నేల పైన నీరు నిలిచినప్పుడు, మీథేన్ పెరిగే మాట వాస్తవం. కాని మీథేన్ గాలిలో పన్నెండేళ్ళ మేర మాత్రమే నిలుస్తుంది. కార్బన్ డయాక్సైడ్ ప్రభావం శతాబ్దాలు ఉంటుంది. అందువల్ల దీర్ఘకాలపు లెక్కలో పీట్‌ను తడిపి ఉంచడమే మేలు. నీటిమట్టాన్ని నేల పైకి రానీయకుండా, నేలకు కొద్ది సెంటీమీటర్ల దిగువన నిలపగలిగితే రెండు వాయువుల నష్టమూ తక్కువగా ఉంటుంది. గొట్టం అదే. మనం దాన్ని నీరు ఎప్పుడు ఇవ్వాలో తెలుసుకోవడానికి పాతుతాం, వారు నీరు ఎప్పుడు పోనివ్వకూడదో తెలుసుకోవడానికి పాతుతారు. ఒక నేలలో సరైన సిఫారసు మరొక నేలలో హానికరమవుతుందని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

చెట్టు కూడా ఒక పంపే

ఫిన్‌లాండ్‌లో 20వ శతాబ్దంలో, విశేషించి 1960, 1970 దశకాలలో, కలప కోసం సుమారు 50 లక్షల హెక్టార్ల పీట్ నేలలో కాలువలు తవ్వారు. అడవి బాగానే పెరిగింది. కాని కాలువలు పూడుతాయి. 20, 30 ఏళ్ళకొకసారి వాటిని తిరిగి తవ్వడం ఆనవాయితీగా మారింది. తవ్వినప్పుడల్లా బురద, భాస్వరం, నత్రజని దిగువ సరస్సుల్లో కలుస్తాయి. పరిశోధకులు అప్పుడు వేసుకున్న ప్రశ్న సరళమైనది: చెట్లు దట్టంగా ఎదిగిన అడవిలో అసలు కాలువ అవసరమా? బాష్పోత్సేకం ద్వారా చెట్లే నీటిమట్టాన్ని దించుతున్నాయి కదా?

అవసరం చాలా చోట్ల లేదని తేలింది. సమస్య అడవిని ఒక్కసారిగా నరికినప్పుడు వస్తుంది. పంపు ఆగిపోయినట్లు నీటిమట్టం పైకి వస్తుంది. కొత్త మొక్కలు మునుగుతాయి. వాటి కోసం మళ్ళీ కాలువ తవ్వాలి. దీనికి విరుగుడుగా, మొత్తం నరకకుండా ఎంపిక చేసిన చెట్లను మాత్రమే తీస్తూ నేల మీద ఎప్పుడూ కొంత అడవి ఉండేలా చూసే పద్ధతికి అక్కడ ఆదరణ పెరిగింది. ఎంత కలప తీయాలన్నది నీటిమట్టం ఎక్కడ ఉండాలన్న దానిని బట్టి నిర్ణయమవుతుంది. గొడ్డలిని తూముగా వాడుకోవడం ఇది. అటవీ, నీటి శాఖలు వేర్వేరు భవనాలలో కూర్చునే మన దేశంలో ఈ ఆలోచనకు చోటు దొరకడం అంత సులభం కాదు.

చెట్టు నీటిని ఎంత లాగుతుందో తెలియజెప్పే భారతీయ ప్రయోగం నీలగిరులలోనే జరిగింది. ఊటీ సమీపంలోని గ్లెన్‌మోర్గాన్‌లో జంట పరీవాహకాలను ఎంచుకుని, ఒకదానిని సహజమైన పచ్చికగా ఉంచి, రెండవదానిలో కొంత భాగంలో నీలగిరి చెట్లు నాటారు. తొలి పదేళ్ళ కోత చక్రంలో వాగులోకి వచ్చే నీరు సగటున 16 శాతం తగ్గింది. వాగు ఎండాకాలంలో పారే నీటి మీద ఆ ప్రభావం ఇంకా ఎక్కువ. చిత్తడి లోయల చుట్టూ నీలగిరి, వాటిల్ తోటలు వేసిన తరువాత ఒక్క కాలువ కూడా తవ్వకుండానే ఆ లోయలు ఎండే అవకాశం ఉందని దీనిని బట్టి గ్రహించాలి.

తడిలో బతికే చెట్లను పెంచడం మరొక మార్గం. కాలిమంతాన్‌లో జెలుతుంగ్, బలాంగెరాన్ వంటి చిత్తడి అడవి జాతులను, సాగో తాటిని నీరు తీయకుండానే పెంచుతున్నారు. దిగుబడి, మార్కెట్ విషయాలలో ఇవి ఆయిల్ పామ్‌కు సరితూగవని దాచిపెట్టడం విస్తరణ శాస్త్రవేత్తకు తగదు. కేరళలోని కుట్టనాడు మరొక రాజీ చూపుతుంది. సముద్ర మట్టానికి దిగువన ఉన్న అక్కడి కరి నేలలు నల్లగా, సగం కుళ్ళిన కలపతో నిండి ఉంటాయి. అడుగున ఇనుప గంధకం ఉండటం వల్ల ఎండితే గంధకికామ్లం పుట్టి ఉదజని సూచిక 4 కంటే కిందికి పోతుంది. అక్కడి రైతులు పంటకాలానికి పొలం నీరు తోడివేసి, కోత కాగానే మళ్ళీ నీరు పెట్టి ఉంచుతారు. ఆమ్లాన్ని నీటి కింద బంధించి ఉంచడం వారు రసాయన శాస్త్రం కంటే ముందే నేర్చుకున్న విద్య.

కొల్లేరు – తెలుగునాట నీటిమట్టపు వివాదం

తెలుగు ప్రాంతంలో ఇండోనేషియా తరహా పీట్ విస్తీర్ణాలు లేవు. ఎండగట్టిన చిత్తడి నేల అన్న సమస్యకు మాత్రం అతి దగ్గరి ఉదాహరణ కొల్లేరు. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఉన్న ఈ మంచినీటి సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వంటి వాగులు, డెల్టా మురుగు కాలువలు చేరుతాయి. నీరు సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. వేసవిలో నీరు తగ్గిన అంచులలో వరి వేయడం పాత అలవాటు. 1970 దశకం నుండి సరస్సు గర్భంలో గట్లు వేసి చేపల చెరువులు తవ్వడం పెరిగింది. 1999లో 5 అడుగుల కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ గుర్తింపు లభించింది. 2005–06లో గట్లను పెద్ద ఎత్తున ధ్వంసం చేశారు. ఆ తరువాత ఆక్రమణలు తిరిగి వచ్చాయి.

మన చర్చకు ముఖ్యమైనది ఆ కాంటూరు అంకె. సరిహద్దును 5 అడుగుల నుండి 3 అడుగులకు దించాలన్న కోరిక చాలాకాలంగా ఉంది. రెండు అడుగులే కదా అనిపిస్తుంది. పళ్ళెంలా పరచుకున్న సరస్సులో ఆ రెండు అడుగులు విస్తీర్ణంలో సగానికి పైగా తీసివేస్తాయి. చిత్తడి నేలల్లో హద్దు నేల మీద గీసే గీత కాదు, నీటికి ఇచ్చే మట్టం. కొల్లేరులో గట్లు పగలగొట్టడం ఒక్కటే పునరుద్ధరణ అనుకున్నారు. నీటి ప్రవాహం తిరిగి కలిసింది కాని, గట్టు మీద బతికిన కుటుంబానికి తడి నేలలో బతుకుదెరువు ఏమిటన్నది తేలలేదు. కాలిమంతాన్‌లో అడ్డుకట్టలను స్థానికులే పడవ దారి కోసం తెగగొట్టిన సందర్భాలు ఉన్నాయి. కారణం అదే.

మెదక్ చెరువు నేలలకు ఏది వర్తిస్తుంది

మెదక్ పట్టణానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో, మంజీరకు ఉపనది అయిన ఆలేరు వాగు మీద 1916–22 మధ్య నిర్మించిన పోచారం చెరువు, దాని చుట్టూ ఉన్న అభయారణ్యం నీరు, అడవి ఒకే చోట ఒకే యాజమాన్యం కోరుతున్న మన సమీప ఉదాహరణ. నీరు తగ్గే కొద్దీ బయటపడే అంచు నేలలో పచ్చిక మొలుస్తుంది, పశువులు, జింకలు మేస్తాయి, పక్షులు వస్తాయి. ఊరి చెరువుల శిఖం భూములలోనూ ఇదే జరుగుతుంది, అభయారణ్యం అన్న రక్షణ మాత్రం ఉండదు. శిఖంలో సాగు కోసం తూము ముందుగానే తెరవడం, కట్టకు గండి పెట్టడం, శిఖం గుండా లోతైన కాలువ తీయడం విస్తరణ అధికారులందరూ ఎరిగిన విషయాలే. చెరువు త్వరగా ఎండితే రెండు నష్టాలు. ఆయకట్టుకు నీరు పోతుంది. తడి కింద నిలిచిన సేంద్రియ పదార్థం మరికొన్ని వారాలు అదనంగా గాలికి తెరుచుకుంటుంది.

2015లో ప్రారంభమైన మిషన్ కాకతీయలో 46 వేలకు పైగా చెరువుల పునరుద్ధరణ లక్ష్యంగా పెట్టుకుని, పూడిక మట్టిని పొలాలకు తరలించేలా రైతులను ప్రోత్సహించారు. ఎర్రనేలకు పూడిక మట్టి మేలు చేస్తుందనడంలో సందేహం లేదు. ఆ మేలు ఎక్కువగా దానిలోని బంకమట్టి వల్ల, తేమ పట్టి ఉంచే గుణం వల్ల వస్తుందని రైతుకు స్పష్టంగా చెప్పాలి. దానితో వచ్చిన సేంద్రియ పదార్థం చెరువు అడుగున ప్రాణవాయువు లేక నిలిచినది. దున్నిన మెట్ట పొలంలో అది ఎంతోకాలం నిలవదు. మొదటి ఒకటి రెండేళ్ళు నత్రజని విడుదలై పంట పచ్చగా కనిపిస్తుంది. ఆ పచ్చదనం చూసి ఎరువుల మోతాదును శాశ్వతంగా తగ్గించమని సలహా ఇవ్వరాదు. మట్టి పరీక్ష ప్రతి ఏటా చేయించాలి.

చెట్ల విషయానికి వస్తే, చెరువు అంచులలో నల్లతుమ్మ నాటడం సామాజిక అడవుల కాలం నుండి ఉన్నదే. నీట మునిగినా బతుకుతుంది, పక్షులకు గూళ్ళ చోటు ఇస్తుంది, నత్రజనిని స్థిరీకరిస్తుంది. పై అంచులో తెల్లమద్ది, నేరేడు, కానుగ సరిపోతాయి. నీలగిరిని శిఖంలో గాని, చెరువులోకి నీరు తెచ్చే వాగుల వెంట గాని నాటమని సిఫారసు చేయరాదన్నది గ్లెన్‌మోర్గాన్ ఫలితాలు చూసిన నాకు నిస్సందేహమైన అభిప్రాయం. ఒకే వయసు తుమ్మ తోటను ఒకేసారి వేలం వేసి నరకడం కంటే, వంతులవారీగా మూడు నాలుగేళ్ళలో తీయడం నేలకూ మంచిది, పక్షులకూ మంచిది. 20 లక్షల ఎకరాల ఆయిల్ పామ్ లక్ష్యం పెట్టుకున్న తెలంగాణలో, నీరు దగ్గరగా ఉందన్న ఆకర్షణతో ఆ పంట శిఖం అంచులకు దిగకుండా చూడటం కూడా విస్తరణ శాస్త్రవేత్త బాధ్యతే. దాని వేరుకు మురుగు పారుదల కావాలి. చెట్టు ముప్పై ఏళ్ళు ఉంటుంది. అన్నేళ్ళూ చెరువును తక్కువ మట్టంలో ఉంచమనే ఒత్తిడి వస్తుంది.

పీట్ నేలల నుండి వర్తించనిది కూడా చెప్పాలి. టన్నుల లెక్కలు, 40 సెంటీమీటర్ల ప్రమాణం, కుంగుడు వేగం మన నేలలకు అన్వయించరాదు. మన చెరువు వేసవిలో ఎండడం దాని స్వభావం. దాన్ని ఏడాది పొడుగునా నింపి ఉంచడం లక్ష్యం కాదు. అనవసరంగా, ముందుగా, లోతుగా ఎండకుండా చూడటమే మనం చేయగలిగేది.

ఇందుకు మనకు స్థానిక కొలతలు కావాలి. స్నాతకోత్తర విద్యార్థి ఒకరు రెండు సంవత్సరాలలో చేయగలిగిన పని ఇది. తడి–పొడి విధానంలో వాడే గొట్టం లాంటిదే, రెండు మీటర్ల పొడవున్న పి.వి.సి. గొట్టాన్ని రంధ్రాలు చేసి, అడుగున గుడ్డ చుట్టి పాతాలి. కట్ట దగ్గర నుండి శిఖం మీదుగా పై అంచు చెట్ల వరకు ఒకే వరుసలో ఆరేడు గొట్టాలు చాలు. వాటిలో కనీసం ఒకటి తుమ్మ తోట లోపల, మరొకటి అదే మట్టంలో చెట్లు లేని చోట ఉండాలి. ఆ రెంటి తేడాయే చెట్ల పంపు ఎంతో చెబుతుంది. పదిహేను రోజులకొకసారి కర్రతో నీటి లోతు కొలవాలి, మార్చి నుండి జూన్ వరకు వారానికొకసారి. ప్రతి గొట్టం పక్కన 0–15, 15–30 సెంటీమీటర్ల పొరల నుండి మట్టి నమూనాలను చెరువు నిండిన తరువాత ఒకసారి, తొలకరికి ముందు ఒకసారి తీసి సేంద్రియ కర్బనం, స్థూల సాంద్రత రెండూ నమోదు చేయాలి. స్థూల సాంద్రత లేకుండా శాతాలలో మాత్రమే ఇచ్చిన కర్బనం చెరువు మట్టిలో తప్పుదారి పట్టిస్తుంది, ఎందుకంటే అది ఎండినప్పుడు ముడుచుకుని నెర్రెలిస్తుంది. గొట్టం పై అంచును నేల నుండి కాకుండా కట్ట మీది స్థిరమైన రాతి గుర్తు నుండి కొలిచి పెట్టుకోవాలి. పశువులు గొట్టాలను విరుస్తాయి గనుక చుట్టూ ముళ్ళకంప వేయడం, కాపరులకు విషయం ముందే చెప్పడం మరవకూడదు.